కోనసీమలో ఒకే టికెట్టు యాత్రలు: చుట్టు క్షేత్రాలు, రద్దీ, చిన్న గుళ్లు

నాలుగైదు క్షేత్రాలను ఒకే చార్జీలో, వీలైతే ఒకే రోజులో చూపించి తెచ్చే బస్సును గోదావరి జిల్లాల్లో ప్యాకేజీ అనో స్పెషల్ అనో అంటారు. కార్తిక మాసంలో పంచారామాల బస్సు, శనివారాల్లో వాడపల్లి బస్సు, సెలవుల్లో అయినవిల్లి, అప్పనపల్లి, అంతర్వేది కలిపి తిప్పే ట్రావెలర్ బండి ఈ కోవలోవే. ముసలివాళ్లకూ, ఒంటరి ఆడవాళ్లకూ, సొంత బండి లేనివాళ్లకూ వీటివల్ల కలిగిన మేలు చిన్నది కాదు. దారి వెతుక్కునే పనీ, బస్సు మారే పనీ లేకుండా ఇంటి దగ్గర ఎక్కి ఇంటి దగ్గర దిగుతున్నారు.

జనం పెరగడం ఒక్కటే వీటి ఫలితమైతే చెప్పుకోవలసింది పెద్దగా ఉండదు. ఎంతమంది వస్తారన్నదాని కంటే ఏ రోజు, ఏ గంటకు, ఏ గుమ్మం ముందుకు వస్తారన్నదాన్ని ఇలాంటి టికెట్టు నిర్ణయిస్తుంది. జాబితాలో పేరున్న గుడి ముందు ఇసకేస్తే రాలనంత జనం. పేరు లేని గుడి రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా అక్కడ అర్చకుడు, ఊళ్లోని ఇద్దరు పెద్దవాళ్లు తప్ప మరొకరు కనపడరు. కోనసీమలో ఈ రెండు దృశ్యాలూ ఒకే శనివారం, ఒకే మండలంలో చూడవచ్చు.

దారులు, వంతెనలు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, మూడు వైపుల గోదావరి, ఒక వైపు బంగాళాఖాతం ఉన్న లంకభూమి కోనసీమ. మధ్యలో వైనతేయ పాయ చీలి దీన్ని మళ్లీ రెండు చేస్తుంది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా వేరే జిల్లా అయింది. కాలువ గట్ల మీద వేసిన రోడ్లు, ఒకవైపు కాలువ, మరోవైపు కొబ్బరితోట. ఎదురుగా బస్సు వస్తే ట్రాక్టరు తోట అంచుకు ఒరగాల్సిందే. ఇక్కడి రద్దీ గురించి ఏం మాట్లాడినా ఈ రోడ్ల వెడల్పు నుంచి మొదలుపెట్టాలి.

చాలాకాలం కోనసీమలోకి ముఖ్యమైన బస్సు దారంటే రావులపాలెమే. గౌతమి మీద జొన్నాడ దగ్గర, వసిష్ఠ మీద సిద్ధాంతం దగ్గర ఉన్న వంతెనలే ఆధారం. మిగతా చాలాచోట్ల పడవ, పంటు. 2002లో ఎదుర్లంక, యానాంల మధ్య గౌతమి మీద వంతెన వచ్చింది. ఆ ఏడాదే మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి పేరు దానికి పెట్టారు. వైనతేయ మీద బోడసకుర్రు, పాశర్లపూడిల మధ్య, వసిష్ఠ మీద చించినాడ దగ్గర వంతెనలు కూడా ఉండడంతో పాలకొల్లు నుంచి రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా యానాం వరకు 216వ నంబరు జాతీయ రహదారి మీద నది ఉందన్న ఆటంకం లేకుండా పోవచ్చు. యాత్రల ప్యాకేజీలకు అసలు పునాది ఈ వంతెనలే. పంటు కోసం గంట సేపు రేవులో కూచోవలసి వస్తే అయిదు గుళ్లు ఒక రోజులో తిరగడమన్న ఆలోచనే ఎవరికీ రాదు.

అంతర్వేదికి నరసాపురం వైపు నుంచి వచ్చేవారికి మాత్రం ఇప్పటికీ సఖినేటిపల్లి రేవే దగ్గర దారి. పంటు మీదకి ముందు కార్లు, తర్వాత మోటారు సైకిళ్లు, వాటి సందుల్లో మనుషులు. నిండితేనే కదులుతుంది, నిండాక ఇంకొకరికి చోటుండదు. పంటు ఎంతమందిని దించితే అంతమందే ఒక్కసారిగా ఆ వైపు నుంచి గుడి దారి పడతారు. వంతెన మీద అలాంటి లెక్క ఉండదు.

పాత చుట్టు

క్షేత్రాలను కట్టగట్టి చూడడం ఆర్టీసీ కనిపెట్టింది కాదు. గోదావరి డెల్టాలో బాగా పాతదైన చుట్టు సప్తసాగర యాత్ర. తుల్యభాగ, ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ అని ఋషుల పేర్లతో చెప్పుకునే ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల వరసగా స్నానాలు చేసుకుంటూ పోవడం. కాకినాడ దగ్గర చొల్లంగిలో పుష్య బహుళ అమావాస్యనాడు మొదలై, మాఘ శుద్ధ ఏకాదశికి, అంటే భీష్మ ఏకాదశికి, అంతర్వేదిలో ముగుస్తుంది. పిల్లలు లేని దంపతులు ఎక్కువగా చేసేవారు. వైనతేయకు ఈ ఏడింటిలో చోటు లేకపోవడం రాజోలు వైపువారికి ఇప్పటికీ చిన్న చురకే.

ఈ చుట్టుకు పదకొండు రోజులు పట్టేది. నడక, పడవ, సత్రంలో పడక. దారి పొడుగునా ఊళ్లలో వండుకు తినేవారు, దీపాలవేళకు ఏ గుడి కనిపిస్తే అక్కడ ఆగేవారు. యాత్ర జాబితాలో ఏడు రేవులే ఉన్నా, యాత్రికుల వల్ల బతికిన గుళ్లు, సత్రాలు అంతకు ఎన్నో రెట్లు. అంతర్వేది కల్యాణం నాటికి జనం కొంచెం కొంచెంగా చేరేవారు.

ధవళేశ్వరం నుంచి కోటిపల్లి వరకు గౌతమి ఒడ్డున చెప్పే నవ జనార్దన క్షేత్రాలు మరొక చుట్టు. మడికి, జొన్నాడ, ఆలమూరు, కపిలేశ్వరపురం ఆ వరసలోవే. తొమ్మిదీ దగ్గర దగ్గరగా ఉన్నాయి, పురాణ ప్రశస్తికీ లోటు లేదు. అయినా పంచారామాలకున్న పేరులో పదో వంతు రాలేదు. అయిదు గుళ్లను ఒక్క పగటిలో చూస్తే విశేష పుణ్యమన్న మాట వాటికి ఉంది, వీటికి లేదు. పోస్టరు మీద రాసేందుకు ఇంతకంటే మంచి మాట ఏ పర్యాటక శాఖకూ దొరకదు.

పంచారామాల బస్సు

అమరావతిలో అమరేశ్వరుడు, భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు, పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడు, ద్రాక్షారామంలో భీమేశ్వరుడు, సామర్లకోటలో కుమారారామ భీమేశ్వరుడు. తారకాసురుడి మెడలోని లింగం అయిదు ముక్కలై పడిన చోట్లని కథ. కార్తికంలో ఆదివారం సాయంత్రమో రాత్రో వివిధ డిపోల నుంచి ఆర్టీసీ బస్సులు బయలుదేరి, సోమవారం అయిదు దర్శనాలూ చేయించి తిరిగి తెస్తాయి. అమలాపురం, రాజోలు, రావులపాలెం డిపోలవారికి ఇది ఏటా వచ్చే సీజను. ప్రైవేటు బళ్లు, హైదరాబాదు నుంచి వచ్చే బస్సులు దీనికి అదనం.

ఈ ప్రయాణంలో నడిచేది గడియారం. విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సు అమరావతి దర్శనం తెల్లవారుజామునే ముగించుకుని గునుపూడి చేరుతుంది. అక్కడి నుంచి పాలకొల్లు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. తర్వాత గోదావరి దాటి ద్రాక్షారామం, చివరికి సామర్లకోట. అన్ని బస్సులదీ దాదాపు ఒకే వరస. ఫలితంగా పొద్దున్నే ఖాళీగా ఉన్న ద్రాక్షారామం మధ్యాహ్నం దాటాక కిటకిటలాడుతుంది. ఆ వేళకు అమరావతిలో బస్సుల జనం ఖాళీ అయిపోయి ఉంటుంది. దర్శనానికి వరసలో నిలబడ్డవాళ్ల చేతుల్లో చెప్పులుండవు, బస్సులోనే వదిలేస్తారు. ఎర్రటి ఎండలో తారు మీద పరుగు నడకతో వచ్చి, తడికాళ్లతో మంటపం ఎక్కి, నంది చెవిలో చెప్పుకునే కోరిక కూడా సగంలో ఆపి మళ్లీ బస్సు వైపు. కిటికీ లోంచి డ్రైవరు హారను కొడుతుంటాడు, వెనక సీట్లో ఒకామె రాలేదని ఎవరో కేకేస్తుంటారు.

గుడి కట్టుబడి కూడా ఈ తొందరకు సహకరించదు. ద్రాక్షారామం, సామర్లకోట గుళ్లను చాళుక్య భీముడు తొమ్మిదో శతాబ్దం చివర, పదో శతాబ్దం మొదట్లో కట్టించాడని చరిత్ర. రెండూ రెండంతస్తుల ఆలయాలే. లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఉంటుంది, అభిషేకాలు పైన జరుగుతాయి. ఎక్కడానికి దిగడానికి ఇరుకైన మెట్లు, కింద వెలుతురు తక్కువైన ప్రదక్షిణ మార్గం. ద్రాక్షారామంలో అయ్యవారి దర్శనమయ్యాక మాణిక్యాంబ దర్శనం వేరే ఉంది, అది శక్తిపీఠం. బయట రోడ్డు నాలుగు వరసలు చేసినా, ఇంకో వంద బస్సులు వేసినా, పదో శతాబ్దపు వాకిలి వెడల్పు అంగుళం పెరగదు. ప్యాకేజీల లెక్కలు వేసేవాళ్లు సీట్లు లెక్కపెడతారు కానీ ఈ వాకిలిని లెక్కపెట్టరు.

సగం బస్సులను సామర్లకోట నుంచి మొదలుపెట్టి వెనక్కు తిప్పితే రద్దీ చాలావరకు సర్దుకుంటుంది. పంచారామాలను ఫలానా వరసలోనే చూడాలన్న నియమం ఏదీ గట్టిగా లేదు. సోమవారం ఒక్కటే అంటే కార్తికంలో వచ్చేవి నాలుగో అయిదో, కానీ మాసమంతా పుణ్యకాలమే అన్నది పెద్దల మాట.

ఏడు శనివారాలు

కొత్తపేట నియోజకవర్గంలో, ఆత్రేయపురం మండలంలో, గౌతమి ఒడ్డున వాడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. స్వామి గోదావరిలో కొట్టుకువచ్చిన చందనపు పెట్టెలో దొరికాడని స్థలపురాణం. విగ్రహం ఎర్ర చందనపు కొయ్యది. కోనసీమ తిరుపతి అంటారు. వరసగా ఏడు శనివారాలు వచ్చి, వచ్చినప్పుడల్లా ఏడు ప్రదక్షిణలు చేస్తే కోరిక తీరుతుందని నమ్మకం. ఒకప్పుడు చుట్టుపక్కల మండలాల మొక్కు. ఇప్పుడు రెండు రాష్ట్రాల నుంచీ వస్తున్నారు.

పంచారామాలది దారిని కట్టగట్టిన టికెట్టు అయితే వాడపల్లిది తేదీలను కట్టగట్టిన మొక్కు. ఒకసారి మొదలుపెట్టినవాడు ఇంకా ఆరుసార్లు రావాలి, అదీ శనివారమే. మధ్యలో ఒక వారం తప్పితే మళ్లీ మొదటికి వస్తుందన్న భయం వల్ల వానొచ్చినా, వరదొచ్చినా, పండగొచ్చినా ఆగరు. మామూలు గుడికి రద్దీ రోజున వెళ్లినవాడు ఈసారి వేరే రోజు వద్దామనుకుంటాడు. ఇక్కడ ఆ వీలు లేదు. మొక్కు విన్న కొత్తవాళ్లు ప్రతి వారం చేరుతుంటారు, పాతవాళ్లు ఆరు వారాల దాకా వదలరు. అందుకే ఇక్కడి జనం ఏ నెలలోనూ తగ్గదు.

ఏడు ప్రదక్షిణల సంగతీ అంతే. ఒక మనిషి గుడి చుట్టూ ఒకసారి కాదు, ఏడుసార్లు నడుస్తాడు. పదివేల మంది వస్తే ప్రాకారానికి అది డెబ్బై వేల చుట్లు. వరసలో దర్శనానికి పట్టే సమయం కంటే ప్రదక్షిణలకు పట్టే సమయమే కొన్నిసార్లు ఎక్కువ. రావులపాలెం నుంచి లొల్ల లాకుల మీదుగా వచ్చే కాలువ గట్టు దారిలో శనివారం తెల్లారక ముందే బళ్ల బారు మొదలవుతుంది. ఆ గట్టు ఊళ్లవాళ్లకు శనివారం ఆసుపత్రికి వెళ్లాలన్నా, పెళ్లికి వెళ్లాలన్నా ముందు వాడపల్లి జనం గుర్తొస్తారు.

ఇదే ప్రాంతంలో, కొత్తపేట మండలంలో, మందపల్లి ఉంది. మందేశ్వరస్వామికి నువ్వుల నూనెతో అభిషేకం, శని త్రయోదశికి విపరీతమైన రద్దీ. అది కూడా శనివారపు గుడే. శని త్రయోదశి వచ్చిన రోజున రెండు గుళ్ల జనం ఒకే రావులపాలెం కూడలి మీద పడుతుంది. ఈ రెండింటినీ కలిపి ప్యాకేజీ వేసేవాళ్లు దానికి ర్యాలి కూడా చేర్చారు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి నల్లరాతి విగ్రహం ముందు వైపు విష్ణువు, వెనక వైపు మోహిని. ఒకప్పుడు శిల్పం మీద ఆసక్తి ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చే ఊరది. ఇప్పుడు శనివారాలు వాడపల్లి జనంలో కొందరు ఇటు తిరుగుతున్నారు. వెనక్కి తిరిగి మోహిని జడ చూడడానికి ఒక్కొక్కరికీ నిలకడగా ఒక నిమిషం కావాలి, వెనకున్నవాళ్లు ఆ నిమిషం ఇవ్వరు.

లాభపడ్డవాళ్లు లేకపోలేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాడపల్లి దారిలో పూతరేకుల దుకాణాలు ఎన్ని వెలిశాయో చూస్తే ఆ గుర్తింపుకు శనివారాలు ఎంత తోడ్పడ్డాయో తెలుస్తుంది. బోర్లించిన కుండ మీద వరిపిండి జావలో ముంచిన గుడ్డ పరిచి, లాగి, రేకు తీసే ఆడవాళ్లకు వారంలో ఒక రోజు వచ్చే బేరం మిగతా ఆరు రోజుల పనికి ఆధారం. కొబ్బరికాయలు, పూలు, ఆటోలు సరేసరి. రద్దీ తగ్గించాలని మాట్లాడేవారు ఈ కడుపుల సంగతి కూడా మాట్లాడాలి.

జాబితాలో లేని గుళ్లు

కొత్తపేట దగ్గర పలివెలలో ఉమా కొప్పేశ్వరస్వామి గుడి ప్రాచీనమైనది. స్వామికి కొప్పు ఉండడం, అది ఒక అర్చకుడి కోసం మొలిచిందన్న కథ, పార్వతీపరమేశ్వరులు ఒకే పీఠం మీద ఉండడం, ఏ ప్యాకేజీ పోస్టరుకైనా సరిపోయే విశేషాలే. శివరాత్రికి జనం వస్తారు. మిగతా ఏడాది పంచారామాల బస్సులు రావులపాలెం మీదుగా ద్రాక్షారామం పోతుంటే, దక్షిణంగా కొద్ది దూరంలో ఉన్న ఈ గుడికి తిరగడానికి వాటికి తీరిక ఉండదు. ముక్తేశ్వరంలో క్షణముక్తేశ్వరుడు కొంత నయం. అయినవిల్లి పక్కనే ఉండడం వల్ల వినాయకుడి జనంలో కొందరు వస్తారు. అంటే చిన్న గుడికి దక్కేది పురాణాన్ని బట్టి కాదు, పెద్ద గుడికి వెళ్లే దారికి అది ఎంత దగ్గరన్నదాన్ని బట్టి.

ఈ తేడా అర్చకుడి పళ్లెంలో తెలుస్తుంది. రాష్ట్రంలో 1987 నాటి దేవాదాయ చట్టం కింద ఆలయాలను ఆదాయాన్ని బట్టి 6ఎ, 6బి, 6సి అని విభజిస్తారు. ఏడాదికి 2 లక్షల రూపాయల లోపు వచ్చేవి 6సి. కోనసీమ పల్లెల్లోని శివాలయాలు, రామాలయాలు చాలావరకు ఈ అట్టడుగు తరగతివే. ఈనాం భూముల కౌలు సరిగా రాదు, హుండీలో పడేది కరెంటు బిల్లుకు చాలదు. వీటి కోసమే ధూపదీప నైవేద్య పథకం 2007లో వచ్చింది. మొదట నెలకు 2,500 రూపాయలు, తర్వాత 5,000, 2024లో 10,000 చేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. పెద్ద ఆలయాలు తమ రాబడిలో కొంత సర్వశ్రేయోనిధికి కడతాయి; శిథిలమైన చిన్న గుళ్ల బాగుకు ఆ నిధి నుంచి సాయం అందుతుంది.

ఈ ఏర్పాటు మంచిదే. కానీ ఇది చిన్న గుడికి డబ్బు పంపుతుంది, మనిషిని పంపదు. దీపం వెలుగుతుంది, చూసేవాడు ఉండడు. చూసేవాడు లేని గుడిలో అర్చకుడి కొడుకు అర్చకుడు కావడానికి ఇష్టపడడు. కోనసీమ అగ్రహారాల్లో తాళం వేసి ఉదయం ఒక్క గంట తెరిచే గుళ్లకు కారణం పది వేల రూపాయల కొరత ఒక్కటే కాదు.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన స్త్రీశక్తి పథకం ఈ లెక్కను కొంత కదిలించింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో రాష్ట్రమంతా ఆడవాళ్లకు చార్జీ లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఇలాంటిదే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక యాదగిరిగుట్ట, వేములవాడ వంటి క్షేత్రాలకు ఆడవాళ్ల రాక బాగా పెరిగింది. వాడపల్లి శనివారాల మీద కూడా ఇది బరువే. అయితే సున్నా టికెట్టుకూ ప్యాకేజీకీ ఒక తేడా ఉంది. ప్యాకేజీలో ఏ గుడికి వెళ్లాలో ముందే రాసి ఉంటుంది. పల్లెవెలుగు బస్సు ఆగే ప్రతి ఊరూ సున్నా టికెట్టు పట్టికలో ఉన్నట్టే. అత్తగారి ఊరి అమ్మవారి గుడికి, పుట్టింటి శివాలయానికి ఏళ్ల తర్వాత వెళ్లినవాళ్లు దీనివల్ల ఉన్నారు. ఊరికి బస్సు లేకపోతే మాత్రం పథకం ఎంత గొప్పదైనా ఆ ఊరి గుడికి ఒరిగేదేమీ లేదు.

మంచు కొండల మీద ఇదే లెక్క

అమెరికాలో స్కీయింగ్ కొండల మీద గత రెండు దశాబ్దాల్లో జరిగింది ఈ ప్యాకేజీల కథకు దగ్గర పోలిక. 2008లో వేల్ రిసార్ట్స్ సంస్థ ఎపిక్ పాస్ పేరుతో, తన కొండలన్నిటికీ సీజనంతా చెల్లే టికెట్టును 579 డాలర్లకు అమ్మింది. అంతకు ముందు ఒక్క కొండ సీజను పాసుకే అంతకంటే ఎక్కువయ్యేది. 2018లో ఆల్టెరా సంస్థ ఐకాన్ పాస్ తెచ్చింది. మంచు పడకముందే డబ్బు చేతికొస్తుంది కాబట్టి సంస్థకు ఆ ఏడాది మంచు పడినా పడకపోయినా దిగులు లేదు. డబ్బు ముందే కట్టేశాం కదా అని జనం వీలైనన్నిసార్లు వెళ్లారు, అందరూ శని, ఆదివారాలే వెళ్లారు.

2021లో ఎపిక్ పాస్ ధర 20 శాతం తగ్గించారు, అమ్మకాలు విరగబడ్డాయి. ఆ శీతాకాలం సియాటిల్ దగ్గర స్టీవెన్స్ పాస్ అనే కొండ మీద సిబ్బంది చాలక సగానికి పైగా భాగం తెరవలేకపోయారు. తెరిచిన కొద్ది లిఫ్టుల దగ్గర బారులు తీరాయి. 40 వేల మందికి పైగా నిరసన పత్రం మీద సంతకాలు చేశారు. సియాటిల్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేరు ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్లు, పిల్లలకు స్కీ నేర్పించడానికి అదే కొండకు వెళ్లేవాళ్లు, ఈ గొడవంతా కళ్లారా చూశారు. మరుసటి సీజనుకు వేల్ సంస్థ రోజువారీ టికెట్ల అమ్మకానికి పరిమితి పెట్టింది. పాసు ఉన్నవాళ్లకు మాత్రం పరిమితి లేదు. అంటే ముందే కట్టినవాడికి తలుపు బార్లా, అప్పటికప్పుడు వచ్చినవాడికి మూత.

సొంతంగా నడిచే చిన్న కొండలు చాలావరకు వాటి దారిన అవి ఉండిపోయాయి. వాటిలో కొన్ని 2019లో ఇండీ పాస్ పేరుతో వచ్చిన ఉమ్మడి టికెట్టులో చేరాయి. ఒక్కో కొండ మీద రెండేసి రోజులు, అంతే. ఆ రెండు రోజుల షరతులోనే కిటుకు ఉంది. ఎవరూ ఒకే కొండ మీద పడిపోరు, తిరగాల్సిందే. చిన్న కొండలన్నీ ఈ పాసుల వల్లే మూతపడ్డాయనడం మాత్రం సరికాదు. అక్కడ కొండల సంఖ్య తగ్గడం 1980లలోనే మొదలైంది. మంచు తగ్గడం, బీమా ఖర్చులు, లిఫ్టుల నిర్వహణ దానికి కారణాలు. కోనసీమలో చిన్న గుళ్లు వెలవెలబోవడానికి కూడా ప్యాకేజీ బస్సు ఒక్కటే కారణం కాదు. భూములు పోవడం, వలసలు దానికంటే పాతవి. ప్యాకేజీ చేసిందల్లా ఉన్న జనాన్ని కూడా మరోవైపు మళ్లించడం.

మురమళ్ళ, జగ్గన్నతోట

పరిష్కారాల కోసం దూరం పోనక్కర్లేదు. మురమళ్ళలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి ప్రతి రాత్రి కల్యాణం జరుగుతుంది. చేయించుకోవాలంటే ముందుగా తేదీ రాయించుకోవాలి. రాత్రికి ఎన్ని జంటలకు చోటుందో అన్నే. మిగిలినవాళ్లు తర్వాతి తేదీకి ఆగుతారు, ఎవరూ దేవస్థానం మీద అలగరు. భక్తి తగ్గిందనీ ఎవరూ అనలేదు. పైగా ఏడాది పొడుగునా కొద్ది కొద్దిగా వచ్చే జనం వల్ల ఊళ్లోని చిన్న హోటళ్లకు రోజూ బేరం ఉంటుంది. ఉత్తరాఖండ్‌లో 2022లో చార్‌ధామ్ యాత్రకు రోజుకు బదరీనాథ్‌లో 15 వేలు, కేదార్‌నాథ్‌లో 12 వేలు, గంగోత్రిలో 7 వేలు, యమునోత్రిలో 4 వేలు అని పరిమితి పెట్టినప్పుడు అది కొత్త ఆలోచనలా పత్రికల్లో వచ్చింది. మురమళ్ళవారికి అందులో వింతేమీ లేదు.

తిరుమలలో 2024 నవంబరులో పాలకమండలి మరో దారి పట్టింది. వివిధ రాష్ట్రాల పర్యాటక సంస్థలకు ఇస్తూ వచ్చిన దర్శన టికెట్ల కోటాను రద్దు చేసింది. బస్సు, బస, దర్శనం కలిపి అమ్మే ప్యాకేజీలో అసలు సరుకు దర్శనమే కాబట్టి, అది తీసేస్తే మిగిలేది ఉట్టి బస్సు. కోనసీమ గుళ్లలో దర్శనానికి కోటా అమ్మే పద్ధతి అంతగా లేదు కనుక ఇక్కడ మందు వేరే కావాలి.

జగ్గన్నతోట ప్యాకేజీకి పూర్తిగా తలకిందుల ఉదాహరణ. అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులో, కనుమ రోజున, పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభల మీద తరలివచ్చి కొబ్బరితోటలో కొలువు తీరతారు. ఏకాదశ రుద్రుల తీర్థమంటారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పెదపూడి, మొసలపల్లి. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు మోకాటి పైదాకా నీళ్లున్న కౌశిక దాటి, పచ్చటి చేలల్లోంచి వస్తాయి. వెదురు బద్దలతో, రంగు వస్త్రాలతో కట్టిన ప్రభను భుజాల మీద పెట్టుకుని, అశ్శరభ శరభ అంటూ మనుషులు నీళ్లలోకి దిగినప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లు గుండె చిక్కబట్టుకుని చూస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే.

ఇక్కడ జనం పదకొండు గుళ్లు తిరగరు, పదకొండు గుళ్లే జనం దగ్గరికి వస్తాయి. ప్రతి ప్రభ వెనక ఒక ఊరు ఉంది. కట్టేది ఆ ఊరివాళ్లు, మోసేది ఆ ఊరివాళ్లు, ఖర్చు ఆ ఊరి చందా. తీర్థం అయ్యాక ఏ ఊరి స్వామి ఆ ఊరికి తిరిగి వెళతాడు, మర్నాటి అభిషేకం అక్కడే. నేదునూరు శివుడికీ పాలగుమ్మి శివుడికీ పోటీ లేదు, ఎవరి పేరూ జాబితాలోంచి జారిపోదు. రద్దీ ఉంది, లేదని కాదు. కానీ అది ఏడాదికి ఒక రోజు, ఇరుకు వాకిలి ముందు కాదు, నాలుగు వైపులా తెరిచి ఉన్న తోటలో.

తేదీ, గుమ్మం, ప్రాణం

ఒకే రోజు, ఒకే గుమ్మం అన్నది ఎంతదాకా పోతుందో ఆంధ్రదేశం చాలాసార్లు చూసింది. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి ఉదయం రాజమండ్రి పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మందికి పైగా చనిపోయారు. అదే వేళ కోటిపల్లి, ముక్తేశ్వరం, అంతర్వేది రేవుల్లోనూ అదే గోదావరి పారుతోంది. పుష్కరాలు పన్నెండు రోజులున్నాయి. నీటికీ రేవులకూ రోజులకూ కొదవ లేదు, అందరూ కోరుకున్నది ఒక్క ఘాట్, ఒక్క ముహూర్తం. 2025 నవంబరు 1న, కార్తిక ఏకాదశి శనివారం, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక ప్రైవేటు వేంకటేశ్వరాలయంలో తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది మరణించారు. అది దేవాదాయ శాఖ కింద లేని గుడి. సొంతంగా నడిచే చిన్న గుడికి రద్దీ ఒక్కసారిగా వచ్చి పడితే దాన్ని పట్టుకునే మనుషులు, రెండో ద్వారం, లెక్క ఏవీ ఉండవు. జనం లేక వెలవెలబోయే గుడి కంటే, అలవాటు లేని జనం వచ్చి పడ్డ గుడి ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది. పలివెలను రేపు ఎవరైనా ప్యాకేజీలో చేర్చాలనుకుంటే, శివరాత్రి రోజున అక్కడ వరస ఎలా కదులుతుందో ముందు వెళ్లి చూడాలి.

వచ్చే గోదావరి పుష్కరాలు 2027 జూన్ 26 నుంచి జులై 7 వరకు. కోనసీమలో గౌతమి, వసిష్ఠ, వైనతేయ మూడింటి ఒడ్డునా స్నానానికి పనికొచ్చే రేవులున్నాయి, ప్రతి రేవు పక్కనా ఒక గుడి ఉంది. ప్యాకేజీ బస్సుల జాబితాలు ఆ గుళ్ల పేర్లతో, మొదటి రోజును మాత్రమే కాక పన్నెండు రోజులనూ పంచి ఇప్పుడే రాయాలి. వెళ్లే పాఠకులు కూడా మొదటి రోజు పట్టు వదిలి, మీ ఊరికి దగ్గరున్న రేవుకు వెళ్లండి.